హైదరాబాదు తనిఖీ

తుని,
4 జూలై 2025

చెల్లాయి వరలక్ష్మికి,

మీ అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా మనశ్శాంతి ఒక్కటే బాగా లేదు.

మన సాయిసుధకి బ్యాంకులో ఆఫీసరు ఉద్యోగం వచ్చింది. సంతోషించే లోపే పోస్టింగు కాగితం కూడా వచ్చింది. ఎక్కడో తెలుసా? హైదరాబాదు, గన్‌ఫౌండ్రీ. పేరులోనే తుపాకులున్నాయి! ఆగస్టు పదకొండున చేరాలిట. చేరకపోతే ఉద్యోగం పోయినట్టే. పోతే పోనీ అన్నాను. నేను పంపను.

ఈ మాట ఫోన్లో చెప్పొచ్చు. కానీ మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే నేను ఒకటంటే నువ్వు రెండంటావు, నువ్వు రెండోది పూర్తి చేసేలోపు నేను పెట్టేస్తాను. అందుకే కదా అమ్మ పోయిన ఏడు ఒట్టు వేసుకున్నాం, చావుకీ పురిటికీ తప్ప ఫోను వద్దు, మిగతావన్నీ ఉత్తరాల్లోనే అని. తపాలా శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడికి అదే మర్యాద కూడాను.

నేను ఊరికే భయపడేవాణ్ణి కాదని నీకు తెలుసు. రోజూ భోజనాలయ్యాక టీవీలో నేరవార్తలు చూస్తాను. పదిమంది చూస్తుండగా మెళ్ళో గొలుసు తెంపుకుపోయాడొకడు: నాంపల్లి. చీటీల పేరుతో వీధి వీధంతా ముంచాడొకడు: నాంపల్లి. సొంత బావమరిదినే పొడిచాడొకడు: నాంపల్లి. దొంగనోట్లు, దొంగ మందులు, దొంగ డాక్టరు: మళ్ళీ నాంపల్లి, నాంపల్లి! ఫిర్యాదుల్లో ఒకే ఊరి పేరు మాటిమాటికీ వస్తోందంటే అక్కడ ఏదో పుట్టి మునిగిందన్నమాట. నా సర్వీసంతా నేను నేర్చుకున్నది ఇదే. నువ్వు ఇన్నేళ్ళుగా ఆ నాంపల్లిలో, ఆ రాబందుల మధ్య ఎలా కాపురం చేస్తున్నావే?

సుధ నాతో మాట్లాడ్డం మానేసింది. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది. దాని కష్టం నాకు తెలీదా? రెండేళ్ళు పుస్తకాల్లో తల దూర్చి తెచ్చుకున్న ఉద్యోగం. కానీ రేపు దానికేదన్నా అయితే అంత ఊళ్ళో అడ్డం నిలబడేవాడెవడు? నువ్వా, ఆ మోకాళ్ళ నొప్పులతో?

కాబట్టి దానికి ఓ ఉత్తరం రాయి. "ఇది మంచి ఊరు కాదమ్మా, రావద్దు" అను. అత్త మాటైతే వింటుంది.

ఇట్లు,
మీ అన్నయ్య
కోదండరామయ్య

*

నాంపల్లి,
9 జూలై 2025

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలీక రెండూ చేశాను.

అయ్యా ఇన్‌స్పెక్టరుగారూ, నాంపల్లిలో ఉన్నది కోర్టు! నగరంలో ఏ మూల ఎవడు వెధవపని చేసినా పోలీసులు చాలామటుకు ఇక్కడికే తెచ్చి నిలబెడతారు. "నిందితుణ్ణి నాంపల్లి కోర్టులో హాజరుపరిచారు" అని చివర్లో అంటాడే టీవీవాడు, నువ్వు ఆ చివరి ముక్క పట్టుకుని కూర్చున్నావు. పెద్దాసుపత్రి ఉన్న వీధిలో రోగులు కనిపిస్తారు. ఆ వీధి నీళ్ళు తాగితే జబ్బులొస్తాయంటావా?

నేను రోజూ ఆ కోర్టు ముందు నుంచే కూరగాయలకి వెళ్తాను. నీ రాబందుల్ని దగ్గరగా చూసినదాన్ని. మొన్న ఒక కుర్రాడు, మీసం కూడా సరిగా రాలేదు, చేతికి బేడీలు. వాళ్ళమ్మ చెట్టు కింద కూర్చుని పెరుగన్నం ముద్దలు చేసి పెడుతుంటే ఏడుస్తూ తింటున్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ మొహం అటు తిప్పుకున్నాడు. నాకు భయం వెయ్యలేదు. జాలేసింది.

గన్‌ఫౌండ్రీలో ఇప్పుడు తుపాకులు లేవు. ఎప్పుడో నిజాముల కాలంలో ఫిరంగులు పోతపోసేవారట. ఇప్పుడున్నవి బ్యాంకులు. అక్కడ ఎవరినైనా కాల్చుకు తింటారంటే అది లోను కోసం వెళ్ళినవాళ్ళనే.

నువ్వు ఎప్పుడూ ఈ ఊరికి రాలేదు. నా పెళ్ళయ్యాక నన్ను అత్తవారింట దిగబెట్టడానికి కూడా "ఎండలు" అని ఎగ్గొట్టావు. అందుకే చెప్తున్నాను, విను. మా మామగారు యాభై ఆరులో రాజధాని కర్నూలు నుంచి మారినప్పుడు ఫైళ్ళ పెట్టెల మీద కూర్చుని వచ్చినాయన. ఆయన చనిపోయేదాకా ఒకటే మాట అనేవారు, "ఈ ఊరిని చూసి నాకు ఆశ్చర్యం తీరలేదమ్మా" అని. నాకూ తీరలేదు. కోటి మంది అన్నయ్యా! కోటి మంది పొద్దున్నే లేచి, రాసుకుంటూ, తొక్కుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ పనులకి పోతారు. సాయంత్రానికి మళ్ళీ ఇళ్ళకి చేరతారు. మెట్రో స్టేషను మెట్లెక్కి కిందకి చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది నాకు. ఇంతమందికి ఈ చోటు ఎలా సరిపోతోంది, ఎవళ్ళూ ఎవళ్ళనీ ఎందుకు కొరుక్కు తినడం లేదు అని.

ఆదివారాలు అబిడ్స్‌లో దుకాణాలు మూసేస్తే, ఆ అరుగుల ముందంతా పాత పుస్తకాలు పరుస్తారు. వందల మంది గంటల తరబడి నిలబడి చదువుతుంటారు. అమ్మేవాడు టీకి వెళ్తే అతను వచ్చేదాకా కొనేవాడే కాపలా. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

నేనైతే మధ్యాహ్నం పడుకున్నప్పుడు తలుపు దగ్గరికి వేస్తానే గానీ గడియ పెట్టను. సందు మొదట్లో పూలమ్మే యాదవ్వ కూర్చుని ఉంటుంది, ఆవిణ్ణి దాటి ఈగ కూడా రాదు. వీధి వీధికీ కెమెరాలున్నాయి. ఆడపిల్లల జోలికి ఎవడన్నా వస్తే పట్టుకోవడానికి మామూలు బట్టల్లో పోలీసులు తిరుగుతుంటారు. ఇంకేం కావాలి?

సుధకి నువ్వు చెప్పినట్టు రాయను. దాని కోసం ముందు గది ఖాళీ చేసి కిటికీలు కడిగించాను.

వదినకి నా నమస్కారాలు చెప్పు. నీకు మాత్రం టీవీ తగ్గించమని చెబుతున్నాను.

నీ చెల్లెలు
వరం

*

తుని,
14 జూలై 2025

వరానికి,

గడియ పెట్టవా! నీ ఉత్తరం మొత్తంలో నాకు అర్థమైంది ఆ ఒక్క ముక్కే. నువ్వు ఆ ఊరి మనిషివైపోయావు.

దొంగలు లేని ఊళ్ళో వీధి వీధికీ కెమెరాలెందుకు? ఆడపిల్లలకి భయం లేని చోట మామూలు బట్టల్లో పోలీసులెందుకు? మన తునిలో ఏవీ అవి? నువ్వు ధైర్యం చెబుదామని రాసిన ప్రతి మాటా నా అనుమానానికి సాక్ష్యమే. మీ వదినకి చదివి వినిపిస్తే వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టింది. బేడీల కుర్రాడి సంగతి విని రెండోది కూడా వెలిగించింది.

ఇంకొకటి. "అంతా సక్రమం" అని అక్కడి సిబ్బంది రాసిచ్చిన కాగితాన్ని ఏ ఇన్‌స్పెక్టరూ నమ్మడు. చెప్పకుండా వెళ్ళి, పక్కన నిలబడి చూసినవాడికే అసలు సంగతి తెలుస్తుంది. నేను కొరడా ఝళిపించిన ఆఫీసులన్నిటినీ అలాగే పట్టుకున్నాను.

సుధ నిన్న నా ఎదురుగా నిలబడి, "నువ్వు చూడని ఊరికి నువ్వే తీర్పు చెప్తావా నాన్నా?" అంది. నేను వాళ్ళమ్మని కేకలేశాను.

మీ అన్నయ్య

*

నాంపల్లి,
24 జూలై 2025

అన్నయ్యా,

తొందరలో రాస్తున్నాను. మా అమ్మాయికి డాక్టరు చెప్పిన రోజులకంటే ముందే నొప్పులు వచ్చేలా ఉన్నాయిట. ఈ సాయంత్రం పుణె బయల్దేరుతున్నాను. ఇంటి తాళాలు యాదవ్వ దగ్గరుంటాయి. ఉత్తరాలు వెనకాల రాసిన చిరునామాకి పంపు. సుధ వచ్చేసరికి, తొమ్మిదో తారీకుకల్లా, నేను ఇక్కడ ఉంటాను.

వస్తుందనే రాస్తున్నాను, చూశావా.

దొంగలు లేరని నేను ఎప్పుడన్నాను? ఉన్నారు. పోయిన నెల నాంపల్లి స్టేషను దగ్గర బస్సెక్కుతుంటే నా సెల్‌ఫోను కొట్టేశాడొకడు. నీకు చెబితే గంతులేస్తావని చెప్పలేదు. నేను "అయ్యో" అనగానే కండక్టరమ్మాయి బస్సు ఆపించేసింది. ఇద్దరు కుర్రాళ్ళు దూకి పరిగెత్తారు. ఒకావిడ నన్ను తన సీట్లో కూర్చోబెట్టి తన ఫోను నా చేతిలో పెట్టి, "మీ ఇంటోళ్ళకి జెప్పుకో అక్కా" అంది. ఫోను దొరకలేదులే. కానీ తీసినవాడు ఒక్కడు అన్నయ్యా, చుట్టూ చేరినవాళ్ళు బస్సెడు మంది. టీవీకి ఎక్కేది ఆ ఒక్కడే.

రైలు టైమైంది.

వరం

*

నాంపల్లి,
28 జూలై 2025

చి. చెల్లాయికి,

చిరునామా చూసి కంగారు పడకు. నీ ఇంట్లో, నీ కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. శనివారం పొద్దున యాదవ్వ ఫోను నా చెవికి ఆనించినప్పుడు నువ్వు తిట్టిన తిట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత జరిగింది నీకు తెలీదు. మొదటినుంచీ రాస్తాను, మధ్యలో లేచిపోకు.

ఇంట్లో "రాజమండ్రిలో పెన్షనర్ల మీటింగు" అని చెప్పి శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నువ్వు పుణె వెళ్ళావని నాకు తెలీదు. నీ ఉత్తరం నేను బయల్దేరాక చేరి ఉంటుంది. చెప్పకుండా వచ్చి పట్టుకుందామనుకున్నాను. దిగీ దిగగానే నన్నే పట్టుకున్నారు.

నీ సందు మొదట్లో యాదవ్వ పూలబుట్ట పక్కన పెట్టి లేచి, "ఎవలు గావాలె?" అంది. వరలక్ష్మి అన్ననన్నాను. "గట్లనా? అక్క ముక్కుపుడక ఏ దిక్కుకుంటది?" అంది. నాకు తెలీలేదు వరం! తోడబుట్టినదాని మొహం ఇన్నేళ్ళు చూసి, కుడో ఎడమో చెప్పలేకపోయాను. కోపమొచ్చి గుడ్లురిమాను. ఆవిడ నవ్వి, "ఔ, అన్ననే. కోపమొస్తే అక్క గూడ గిట్లనే సూస్తది" అంది. అయినా నీకు ఫోను చేసి నీ గొంతు విన్నాకే తాళం చెవి, నీ పుణె చిరునామా చేతికిచ్చింది. మా శాఖలో ఇలాంటి మనిషి ఒక్కరుంటే నాకు అన్ని తనిఖీలు చేసే పని ఉండేది కాదు.

అయినా నా బుద్ధి ఊరుకుంటుందా? మా దగ్గర టెస్ట్ లెటర్ అని ఒకటుండేది. అనుమానం ఉన్న ఆఫీసుకి మనమే ఓ ఉత్తరం పోస్టు చేసి, అది చేరిందా, మధ్యలో ఎవడన్నా చింపాడా అని కనిపెట్టడం. ఈ ఊరికి కూడా ఓ టెస్ట్ లెటర్ పెడదామనిపించింది. ఆదివారం పొద్దున నా సంచిలో రెండు పంచెలు, నీ కోసం తెచ్చిన మామిడి తాండ్ర పెట్టుకుని అబిడ్స్ వెళ్ళాను. పెద్ద పోస్టాఫీసు చూసి ఓ దణ్ణం పెట్టుకున్నాను. ఆ పక్కనే నువ్వు రాసిన పుస్తకాల వరసలు. ఎంత పొడుగు! ఆ జనం, ఆ చదవడం! వయసు మళ్ళినవాళ్ళు, కుర్రాళ్ళు, బురఖాలో ఉన్న ఆడపిల్లలు, అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. గుళ్ళో కూడా అంత నిశ్శబ్దంగా ఉండరు.

మూసి ఉన్న ఓ దుకాణం ముందు సంచి దింపి, నాలుగడుగులు పక్కకి జరిగి, చేతికందిన పుస్తకం తెరిచి నిలబడ్డాను. ఎవడు పట్టుకుపోతాడో చూద్దామని.

ఎవరూ పట్టుకుపోలేదు. చాలాసేపు చూశాను. ఒకమ్మాయి దాన్ని తట్టుకుని, "ఈ సంచి ఎవరిది?" అని అడిగింది. పరీక్ష పూర్తి కాలేదని నేను నోరు మెదపలేదు. ఆ పక్కన పుస్తకాలమ్మే మనిషి, ప్రహ్లాద్ అట పేరు, నలభై ఏళ్ళుంటాయేమో, లేచి గట్టిగా అడిగాడు. "బ్యాగు ఎవలది? ఎవలన్న పెట్టి పోయిన్రా?" అప్పుడైనా చెప్పాలా? చెప్పలేదు. అతని మొహంలో రంగు మారిపోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. కోఠి అక్కడికి నడిచే దూరం. కోఠిలో, దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు తునిలో టీవీలో చూసి, అయ్యో అనుకుని, నేను మర్చిపోయాను. వాళ్ళు మర్చిపోలేదు.

"అందరు దూరం జరగున్రి! ఉరకొద్దు, నడువున్రి!" అని చేతులు బార్లా చాపి అరిచాడు. వరం, అంత జనం ఎలా కదిలిందో నువ్వు చూసి ఉండాల్సింది. ఒకళ్ళనొకళ్ళు తోసుకోలేదు. చంటిపిల్లని ఒకరి చేతిలోంచి ఇంకొకరు అందుకున్నారు. కళ్ళు కనపడని ఒకాయన్ని ఇద్దరు ముస్లిం కుర్రాళ్ళు చెరో రెక్కా పట్టుకుని నడిపించుకుపోయారు. ఎవరో పోలీసులకి ఫోను చేశారు. నేను మాత్రం కొయ్యలా నిలబడిపోయాను. నా సంచేనని అరిచి చెప్పడానికి సిగ్గు.

అప్పటికి ప్రహ్లాద్ రోడ్డు అవతలికి చేరిపోయాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చూసి, మళ్ళీ వచ్చాడు వరం! ఆ సంచి పక్కనుంచే పరిగెత్తుకొచ్చాడు. "తాతా, గీడ నిలవడ్డవేంది!" అని నన్ను ఓ స్తంభం చాటుకి లాగి, సంచి వైపు వీపు పెట్టి, నన్ను కప్పేసి నిలబడ్డాడు. అతని గుండె కొట్టుకోవడం నా భుజానికి తెలుస్తోంది. అయినా కదల్లేదు.

ఆ సంచిలో ఉన్నది తాండ్ర అని నాకు తెలుసు. అతనికి తెలీదు. అతను ఆ క్షణాన చచ్చిపోతాననే అనుకున్నాడు. నా పేరు కూడా తెలీకుండా, నా కోసం!

"బాబూ, అది నా సంచే" అన్నాను. భయంతో మతి పోయిందనుకున్నాడు. "ఫికర్ జెయ్యకు తాతా, పోలీసోళ్ళు వస్తున్నరు" అని నా తల నిమిరాడు. మళ్ళీ చెప్పాను. పంచెలు, తాండ్ర అని చెప్పాను. అప్పుడు నా మొహంలోకి చూసి, అక్కడే నేల మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండును.

పోలీసులొచ్చి, కుక్కని తెచ్చి, సంచి తెరిచారు. తాండ్ర బయటికి రాగానే ఎవడో నవ్వాడు. నన్ను స్టేషనుకి తీసుకెళ్ళారు. అవును, పోలీసు స్టేషనుకి, మీ అన్నయ్యనే. కరుణాకర్ అని ఎస్సై, మన సుధ వయసే ఉంటుంది. టీ ఇప్పించి, చెప్పిందంతా రాసుకుని, "పెద్దమనిషీ, ఊరికి గిట్ల పరీక్షలు పెట్టొద్దు. మేం రోజూ రాస్తనే ఉన్నం పరీక్ష" అని పంపించాడు.

బయట ప్రహ్లాద్ నా కోసం కూర్చుని ఉన్నాడు. ముసలాణ్ణి ఒంటరిగా ఎలా పంపడమని! చేతులు పట్టుకుని, "నేనెవర్నని అడ్డం నిలబడ్డావయ్యా?" అని అడిగాను. "ఏమో సార్. మీరు గాడ నిలవడ్డరు, నేను గీడ ఉన్న. గంతే" అన్నాడు. ఇంటిదాకా తోడొచ్చి, యాదవ్వకి అప్పజెప్పి వెళ్ళాడు.

రాత్రి నాకు కూడు సయించలేదు. ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని తప్పులు పట్టుకున్నాను! ఇలాంటి మనిషి ఒకడు ఎక్కడో ఉంటాడని, వాణ్ణి కూడా వెతకాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

సుధని పంపుతాను. ఈ సాయంత్రం బండికే బయల్దేరుతున్నాను. కానీ ఒక్క మాట. ఈ స్టేషను వ్యవహారం ఇంట్లో చెప్పను. రాజమండ్రి మీటింగు నుంచి వచ్చాననే చెబుతాను. నీ కడుపులో పెట్టుకో.

మీ అన్నయ్య

*

పుణె,
31 జూలై 2025

అన్నయ్యా,

ముందు శుభవార్త. మనవడు పుట్టాడు, తల్లీ బిడ్డా క్షేమం. ఒట్టు ప్రకారం పురిటికి ఫోను చెయ్యాలి. నీ గొంతు వింటే నోటికొచ్చినట్టు తిడతానని చెయ్యలేదు.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. చదివి ఏడ్చాను. ఆ ప్రహ్లాద్ దగ్గర ఎన్నిసార్లు పుస్తకాలు కొని ఉంటానో, ఎప్పుడూ పేరైనా అడగలేదు. మధ్యాహ్నం వదిన ఫోను వచ్చింది. అప్పుడు నా ఏడుపు ఆగిపోయింది.

ఆదివారం రాత్రి టీవీలో ఏం వచ్చిందో తెలుసా నీకు? నువ్వు నా కుర్చీలో కూర్చుని కూడు సయించక బాధపడుతుంటే, మీ ఇంట్లో నీ టీవీలో, నువ్వు రోజూ చూసే ఆ నేరవార్తల్లోనే వేశారు: "అబిడ్స్‌లో బ్యాగు కలకలం. ప్రాణభయంతో జనం పరుగులు. పోలీసుల అదుపులో అనుమానితుడు." తాండ్ర సంగతి చెప్పలేదు. ప్రహ్లాద్ సంగతి అసలే చెప్పలేదు. వెనకాల డప్పులు మాత్రం వాయించారట.

దాని పైన నా ఉత్తరం. నువ్వు లేనప్పుడు వచ్చిందని వదిన విప్పి చదివింది. అందులో నా ఫోను పోయిన సంగతి! కొట్టేసినవాడి దగ్గరే ఆగిపోయింది పాపం, బస్సెడు మంది దాకా రాలేదు. "నా పిల్లని ఆ ఊరు పంపాలంటే నన్ను దాటుకుని వెళ్ళాలి. మీ అన్నయ్యకేమో రాజమండ్రి నుంచి వచ్చినప్పట్నుంచీ మతి చలించింది, పంపుదాం పంపుదాం అంటున్నారు, ఎందుకంటే చెప్పరు" అని గొల్లుమంది. సుధ సగం సర్దిన పెట్టె మళ్ళీ అటక ఎక్కించేశారట.

నోటి దాకా వచ్చింది నాకు, "వదినా, ఆ అనుమానితుడు నీ మొగుడే" అందామని. అనలేదు. నువ్వే చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆ వార్తలు చూసి పిల్లని ఆపావు. ఇప్పుడు ఆ వార్త నువ్వే అయ్యావు. నీ పరువు కాపాడుకోవడానికి నోరు మూసుకుంటే పిల్ల ఉద్యోగం పోతుంది, ఆ మనిషి చేసింది కూడా ఎవరికీ తెలీకుండా పోతుంది. అంత సాహసం చేసినవాణ్ణి "ప్రాణభయంతో పరుగులు తీసిన జనం"లో కలిపేస్తావా?

పదకొండో తారీకు ఎంతో దూరం లేదు. నేను తొమ్మిదికి నాంపల్లిలో ఉంటాను, గది సిద్ధంగా ఉంటుంది.

ముక్కుపుడక ఎడమ వైపు. గుర్తుంచుకో.

వరం

*

తుని,
10 ఆగస్టు 2025

చి. వరానికి,

ఈ ఉత్తరం అందేసరికి సుధ బ్యాంకులో చేరి ఉంటుంది. నిన్న సాయంత్రం రైలెక్కించాం. అది చెప్పేసి ఉంటుంది గానీ, నా నోటి నుంచి కూడా విను.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను. చెప్పాలనే అనుకునేవాణ్ణి, మీ వదిన చంద్రిక ఎదురుపడగానే మాట మార్చేసేవాణ్ణి. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆవిడ అబిడ్స్ గురించే చెబుతోంది. బుధవారం సాయంత్రం అరుగు మీద వీధివాళ్ళు చేరారు. నా చేతి కింద పనిచేసిన పోస్ట్‌మాన్లు కూడా ఉన్నారు వాళ్ళలో. ఒకాయన అన్నాడు, "విన్నారా? ఆ అబిడ్స్‌లో దొరికినవాడు మామూలోడు కాదుట. వెనకాల పెద్ద ముఠా ఉందిట." ఇంకొకాయన అతని దగ్గర తుపాకులు కూడా దొరికాయన్నాడు.

నేను లోపలికి వెళ్ళి సంచి తెచ్చి అందరి మధ్యా పెట్టాను. "ముఠా లేదు. నేనొక్కణ్ణే" అన్నాను.

తాండ్ర చాపలో పోలీసులు కోసి చూసిన గాటు చూపించాను. మొత్తం చెప్పాను. టెస్ట్ లెటర్ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. నా పోస్ట్‌మాన్లే అయ్యుంటారు, నవ్వనీ, వాళ్ళ బాకీ అది. ప్రహ్లాద్ వెనక్కి తిరిగి వచ్చిన చోటికి వచ్చేసరికి అది రెండుసార్లు చెప్పాను. అరుగు మీద ఒక్కళ్ళూ నవ్వలేదు. సుధ గడపలో నిలబడి వింటోంది. నేను దాని మొహం చూడలేకపోయాను.

చంద్రిక ఏమంటుందో ఊహించగలవా? "రాజమండ్రి మీటింగన్నారు!" అంది. అంతే, లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు, మర్నాడూ లేదు. శుక్రవారం పొద్దున కాఫీ తెచ్చి పెట్టి, "అతనికి పెళ్ళాం పిల్లలున్నారా?" అని అడిగింది. ఎవరికి అన్నాను. "ఆ ప్రహ్లాద్‌కి." నేను అడగలేదన్నాను. "అన్నీ అడుగుతారు మీరు, అది తప్ప" అని విసుక్కుని, స్టూలు వేసుకుని అటక మీది పెట్టె తనే దింపింది. కొత్త తాండ్ర కట్టింది, ఒకటి నీకు, ఒకటి యాదవ్వకి, పెద్దది అతనికి. ఆ పెట్టెలో సుధ బట్టల కంటే తాండ్రే ఎక్కువ ఉంటుంది. ఈరోజు ఆదివారం కదా, సాయంత్రంలోగా అది అబిడ్స్ వెళ్ళి ఇస్తానంది. అతనికి పిల్లలున్నారేమో కూడా అడగమని వాళ్ళమ్మ ఆజ్ఞ.

సుధ రైలెక్కేముందు నా కాళ్ళకి దణ్ణం పెట్టి, "అనుమానితుడుగారూ, వెళ్ళొస్తాను" అంది. నెల రోజుల తర్వాత నాతో పలికిన మొదటి మాట అది. మధ్యాహ్నం పడుకుంటే గడియ పెట్టుకోమని దానికి చెప్పాను. నీకూ చెబుతున్నాను. ఊరు మంచిదైతే మాత్రం గడియ ఉన్నది దేనికి?

బండి కదిలింది. ఆఖరి పెట్టె కూడా దాటిపోయాక చంద్రిక నా చెయ్యి పట్టుకుంది. ప్లాట్‌ఫారం మీద నలుగురిలో ఎప్పుడూ అలా పట్టుకోదు. "ఏవండీ, అంత ఊళ్ళో దానికేదన్నా అయితే అడ్డం నిలబడేదెవరు?" అని అడిగింది. నేను నీకు రాసిన మాటే. నాకు నవ్వు రాలేదు. ఆ మనిషి గుండె చప్పుడు నా భుజానికి మళ్ళీ తగిలినట్టయింది.

"ఎవరో ఒకరు నిలబడతారు చంద్రికా" అన్నాను. "ఎవరు?" అంది. "పేరు తెలీదు" అన్నాను. ఇద్దరం ఇంటికి నడిచి వచ్చేశాం.

మీ అన్నయ్య
కోదండరామయ్య